సవర పిల్లలకు వాచకాలు రాసిన బడిపంతులు

ఆగస్టు 29 వస్తుందంటే మన బడుల్లో, హాస్టళ్ళలో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటో బయటికి తీసి దండ వేస్తాం. ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం. పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతాం. గ్రాంథికం, వ్యావహారికం, ఆయన చేసిన పోరాటం, ఇవన్నీ వాళ్ళు చక్కగా రాస్తారు. చివర్లో ఎవరో ఒకరు "ఆయన సవర భాషకు కూడా సేవ చేశారు" అని ఒక వాక్యం చేర్చి కాగితం ఇచ్చేస్తారు. ఇన్నేళ్ళుగా ఎన్నో వ్యాసాలు దిద్దాను, ఆ విషయానికి ఒక్క వాక్యం కంటే ఎక్కువ చోటు ఇచ్చినవాళ్ళు కనిపించలేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, గిరిజన సంఘం సంచికలో మనం విప్పి చూడాల్సింది ఆ ఒక్క వాక్యాన్నే. ఎందుకంటే తెలుగువాళ్ళు వ్యావహారిక భాష కోసం ఆయన్ని తలుచుకునే రోజులు రాకముందే, ఆయన గిరిజన పిల్లల కోసం, వాళ్ళ ఇంటి భాషలో పుస్తకాలు రాయడానికి కూర్చున్న మనిషి.

ఆయన పుట్టింది 1863లో, శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో. తండ్రి వీర్రాజు గారు చిన్న ఉద్యోగి. ఆయన జ్వరంతో పోయేసరికి కొడుకుకు పన్నెండేళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. అక్కడి మహారాజా వారి బడిలో గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్ పాసయ్యాక 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పంతులుగా చేరారు. నెలకు 30 రూపాయల జీతం. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా చదివినవే. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న పాత శాసనాలను కూడా ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారంటారు. రాని అక్షరం కనబడితే వదిలిపెట్టే స్వభావం కాదన్నమాట. ఆ స్వభావమే తర్వాత సవరలకు పనికొచ్చింది.

పర్లాకిమిడి కొండల అడుగున ఉన్న ఊరు. పైన మహేంద్రగిరి వరస, ఆ కొండల మీద సవరల పల్లెలు, పోడు చేలు. కొండ మీద వాళ్ళు కిందికి దిగితే సంతలో, కచేరీలో, కోర్టులో అన్ని పనులూ తెలుగులోనో ఒరియాలోనో జరగాలి. ఆ భాషలు రానివాడి తరఫున మధ్యవర్తి మాట్లాడతాడు. ఎంత ధర చెప్పాడో, ఏ కాగితం మీద వేలిముద్ర వేయించాడో సవరకు తెలియదు. భాష రాకపోతే బతుకు ఎలా చెయ్యిజారిపోతుందో మన పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికి మందు చదువే అని చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. గిడుగు పంతులు గారు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ చదువు ఏ భాషలో చెప్పాలి అని అడిగారు. నా లెక్కలో ఆయన గొప్పతనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

తెలుగు వాచకం తీసుకుని సవర పిల్లవాడికి చెప్పడం తేలిక. పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి. అయితే ఆ పిల్లవాడు ఒకేసారి మూడు బరువులు మోయాలి. కొత్త భాష, కొత్త అక్షరాలు, ఆ పాఠంలో ఉన్న కొత్త సంగతి. టీచర్ ట్రైనింగ్‌లో మాకు మొదట చెప్పే సూత్రం "తెలిసినదాని నుంచి తెలియనిదానికి" అని. తండా నుంచి వచ్చిన ఆరేళ్ళ పిల్ల మొదటి నెల రోజులు నోరు తెరవకుండా కూర్చుంటే "మొద్దు" అన్న టీచర్లను నేను చూశాను. ఆ పిల్ల ఇంట్లో గోర్‌బోలీలో గలగలా మాట్లాడుతుంది, తమ్ముణ్ణి ఆడిస్తుంది, మేకల లెక్క తప్పకుండా చెబుతుంది. మొద్దు ఎలా అవుతుంది?

సవర పిల్లలకు సవరలోనే పాఠం చెప్పాలంటే ముందు పంతులుకు సవర రావాలి. నేర్చుకుందామంటే పుస్తకం లేదు. సవర భాష తెలుగుకు చుట్టం కూడా కాదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా కుటుంబానిది, సంతాలీ, ముండారీ దాని బంధువులు. ఆ కుటుంబం దూరపు చుట్టాలు బర్మా, కంబోడియా, వియత్నాం దాకా ఉన్నారు. తెలుగులో లేని ధ్వనులు అందులో ఉన్నాయి. మాట మధ్యలో గొంతు చటుక్కున మూసుకుని మళ్ళీ తెరుచుకునే శబ్దం ఒకటి ఉంది. నీళ్ళకు సవరలు అనే మాట మధ్యలోనే అది వస్తుంది. మన వర్ణమాలలో ఆ శబ్దానికి అక్షరం లేదు. ఒక వాక్యమంత అర్థాన్ని ఒకే పెద్ద క్రియలో ఇమిడ్చి చెప్పే పద్ధతి కూడా ఆ భాషలో ఉంది. తెలుగు వ్యాకరణం కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఏమీ అర్థం కాదు.

ఆయన ఏం చేశారంటే, సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని భాష నేర్చుకున్నారు. ఈ మాట చదివి దాటిపోకండి. ఇది 1890ల నాటి సంగతి. పర్లాకిమిడి లాంటి సంస్థానపు ఊళ్ళో, బ్రాహ్మణ పంతులు ఇంట్లో కొండవాళ్ళను కూర్చోబెట్టుకుని వాళ్ళ దగ్గర పాఠం నేర్చుకోవడం అంటే ఇరుగుపొరుగు ఊరుకునే విషయం కాదు. పగలు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పే పంతులు ఇంటికొచ్చి విద్యార్థి అయ్యేవారు. గురువు సవర. ఈ పని ఒక ఏడాదిలోనో రెండేళ్ళలోనో తేలలేదు. వాచకాలు అచ్చయ్యేనాటికి పదిహేనేళ్ళు దాటాయి. ధ్వనులను పట్టుకోవడానికి ధ్వనిశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని స్వయంగా చదువుకున్నారు. అప్పట్లో తెలుగుదేశంలో ఆ శాస్త్రం పేరు విన్నవాళ్ళే అరుదు.

కొండల మీద తిరిగితే మలేరియా. మలేరియాకు క్వినైన్. ఆ క్వినైన్ ఆయన చెవులను తినేసింది. చిన్న చిన్న ధ్వనుల తేడాను చెవిపెట్టి పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. ఆ చెవుడు చివరిదాకా ఆయన్ని వదల్లేదు. అయినా ఆయన సవర పని ఆపలేదు. పెద్ద పుస్తకాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఇప్పుడు ఆ వాచకాల సంగతి. 1911 తర్వాత మూడు నాలుగేళ్ళలో సవర పుస్తకాలు ఒకటొకటిగా అచ్చయ్యాయి. మొదటి వాచకం, ఆ పై వాచకం, కథల పుస్తకం, పాటల పుస్తకం, తెలుగు–సవర నిఘంటువు, సవర–తెలుగు నిఘంటువు. తెలుగు లిపినే వాడుకుని సవర మాటలు రాశారు. ఎందుకు వాడుకున్నారో ఊహించడం కష్టం కాదు. అచ్చాఫీసులో ఉన్నవి తెలుగు అచ్చులు, ఆ పిల్లలకు పాఠం చెప్పబోయే మాస్టరుకు వచ్చినవి తెలుగు అక్షరాలు. రేపు ఆ పిల్లవాడు కచేరీలో చదవాల్సింది కూడా తెలుగు కాగితమే. సవరలో చదవడం మొదలుపెట్టినవాడికి తెలుగు అక్షరాలు ముందే వచ్చేసి ఉంటాయి.

ఈ జాబితాలో కథలు, పాటలు ఉన్నాయి చూడండి. వాచకంతో ఆపేసి ఉంటే ప్రభుత్వం మెచ్చుకునే పని పూర్తయ్యేది. చదవడం వచ్చిన పిల్లవాడికి చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఆలోచించినవాడే పాటల పుస్తకం వేస్తాడు. ఈ లోపం ఇప్పటికీ ఉంది. మన హాస్టళ్ళకు లైబ్రరీ పుస్తకాల కట్టలు వస్తాయి. వాటిలో జనరల్ నాలెడ్జ్, వ్యక్తిత్వ వికాసం, పోటీ పరీక్షలు. పదేళ్ళ పిల్ల రాత్రి భోజనమయ్యాక చాప మీద పడుకుని నవ్వుకుంటూ చదివే పుస్తకం కట్టకు ఒకటి దొరికితే గొప్ప.

పుస్తకం అచ్చయితే సరిపోదు, బడి కావాలి. సవర పిల్లలకు బళ్ళు పెట్టడానికి పంతులు గారు తన సొంత డబ్బు పెట్టారు. మాస్టర్ల జీతాలు తన జేబులోంచే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాలకు పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారట. 1911లో ఆయన బడి ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నారు. 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ఇచ్చింది.

1911, 1913. ఈ రెండు సంవత్సరాలనూ పట్టుకుని మన చీరాలకు వద్దాం.

పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, చీరాల కూడా అందులోనే. సవర పిల్లలకు వాచకాలు అచ్చయిన ఆ రోజుల్లోనే, అదే మద్రాసు ప్రభుత్వం మన ఎరుకల వాళ్ళ వేలిముద్రలు తీసుకుంటోంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసుకు కూడా వర్తింపజేశారు. పుట్టుకతోనే దొంగలన్న ముద్ర. పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. 1913లో బాపట్ల, చీరాలల మధ్య సాల్వేషన్ ఆర్మీ వారి చేతికి ఒక సెటిల్‌మెంటు అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగిన జాతిని ఒక్కచోట కూర్చోబెట్టి సేద్యం చేయమన్నారు. భూమి చాలనివాళ్ళను కూలీలుగా పంపారు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ వచ్చాక ఆ సెటిల్‌మెంటు నుంచే అక్కడికి పనివాళ్ళు వెళ్ళారు. దేశం మొత్తం మీద ఈ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

ఒకే ప్రభుత్వం, దాదాపు ఒకే ఏడాది. ఒక గిరిజన జాతి పిల్లలకు వాళ్ళ భాషలో కథల పుస్తకం, ఇంకొక జాతికి హాజరు పట్టీ. ఇదెలా జరిగిందని నన్ను మా పెద్ద క్లాసుల పిల్లలు అడిగారు. ప్రభుత్వం సవరల మీద జాలిపడి ఆ పుస్తకాలు వేయించలేదు. అక్కడ ఇరవై ఏళ్ళుగా వెంటపడిన ఒక బడిపంతులు ఉన్నాడు. చేతిలో రాసి సిద్ధంగా ఉన్న పుస్తకం పెట్టుకుని వెళ్ళినవాడికి కాదనడం కష్టం. ఎరుకల తరఫున అలా పుస్తకం పట్టుకుని వెళ్ళినవాళ్ళు అప్పుడు లేరు. ఎరుకల భాష గురించి తెల్లదొరలు రాసినవి ఉన్నాయి. పోలీసులకు, జనాభా లెక్కలకు పనికొచ్చేలా రాసినవే ఎక్కువ. ఆ భాషలో దొంగ మాటలు ఏమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి వాటిలో కనిపిస్తుంది. ఆ భాషలో పిల్లలకు జోలపాట ఏమిటో అడిగినవాడు ఉంటే కథ వేరుగా ఉండేది.

రామమూర్తి గారి దగ్గరికి మళ్ళీ వెళ్దాం. వాచకాలు అచ్చయ్యాక ఆయన వ్యావహారిక భాషా ఉద్యమంలో పూర్తిగా మునిగారు. అది మీ పాఠ్యపుస్తకంలో ఉంది, నేను చెప్పను. ఒక్క సంగతి మాత్రం గమనించండి. మనుషులు మాట్లాడే భాషే అసలు భాష, దానికీ నియమాలుంటాయి, అది తప్పుల కుప్ప కాదు అన్న వాదన తెలుగు పండితుల ముందు ఆయన అంత గట్టిగా నిలబెట్టడానికి సవర నేర్చుకున్న ఏళ్ళు కూడా కారణమని నా అభిప్రాయం. లిపి లేదు, పుస్తకం లేదు, అయినా సవర పిల్లవాడు ఒక్క క్రియ కూడా తప్పు పలకడు. దాన్ని కళ్ళారా చూసినవాడికి పుస్తకాల్లో లేని తెలుగు తప్పు తెలుగు అంటే ఎలా ఒప్పుకోబుద్ధేస్తుంది? తెలుగు పిల్లలు ఈ రోజు వాడుక భాషలో పాఠాలు చదువుకుంటున్నారంటే అందులో సవరల వాటా కొంత ఉంది. తెలుగు భాషా దినోత్సవం రోజు వేదిక మీద ఈ మాట ఎవరూ అనరు. ఈసారి మీలో ఎవరైనా అనండి.

1931లో ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం వచ్చింది, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు. రెండూ మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. వాటిలో ధ్వనులు సరిగ్గా చూపించడానికి ప్రపంచంలో భాషాశాస్త్రవేత్తలు వాడే గుర్తులు వాడారు. ముండా భాషల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇవాళ్టికీ అవి కావాల్సిన పుస్తకాలు. కొడుకు సీతాపతి గారు ఈ పనిలో తండ్రికి చేదోడుగా నిలిచారు. సవరల ఆచారాల మీద వ్యాసాలు రాశారు, తెలుగు పిల్లల కోసం పాటలూ రాశారు. ప్రభుత్వం రామమూర్తి గారికి కైజర్–ఇ–హింద్ పతకం కూడా ఇచ్చింది.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. అందుకు నిరసనగా డెబ్భై రెండేళ్ళ వయసులో ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. సవర పల్లెలు కొన్ని సరిహద్దుకు అటు, కొన్ని ఇటు పడ్డాయి. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

అదే 1936లో సవరల్లోనే ఒక పెద్ద పని జరిగింది. మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ప్రత్యేకంగా ఒక లిపి తయారుచేశారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్, ఇరవై నాలుగు అక్షరాలు. అక్షరాలకు దైవత్వం ఆపాదించి, గుడి కట్టి, దాని చుట్టూ ఒక ఉద్యమంలా నడిపారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోన్‌లో టైపు చేయవచ్చు. పంతులు గారు తెలుగు లిపితో ఇచ్చిన పుస్తకం గొప్పదా, గొమాంగో ఇచ్చిన లిపి గొప్పదా అని మన కుర్రవాళ్ళు వాట్సాప్‌లో వాదించుకోవడం చూశాను. నాకు ఈ వాదనలో పస కనిపించదు. బయటివాడు ప్రేమతో రాసినా, ఆ పుస్తకం అట్ట మీద బయటివాడి పేరే ఉంటుంది. ఇంట్లో కూర్చుని మాట మాటా విడమరచి చెప్పిన సవర గురువుల పేర్లు మన పాఠాల్లో వినిపించవు. అట్ట మీద సవర పేరు రావాలంటే సవరే రాయాలి. ఆ మేరకు గొమాంగోది ఇంకో మెట్టు. కాని చదవడానికి పుస్తకాలు లేని లిపి గుడిలో మిగిలిపోతుంది. ఎవరికి వాళ్ళు తమ వంతు చేశారు.

పిల్లల మొదటి చదువు తల్లి భాషలో ఉండాలని యునెస్కో పుస్తకం వేసి ప్రపంచానికి చెప్పింది 1953లో. మన రాజ్యాంగంలో 350–ఎ అధికరణం చేరింది 1956లో. మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు పెద్ద ఎత్తున మొదలైంది 2004 ప్రాంతంలో. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామీ, బంజారా, మొత్తం ఎనిమిది భాషలు. పర్లాకిమిడి పంతులు వాచకాలు అచ్చయిన తొంభై ఏళ్ళకు.

ఈ ఎనిమిదిలో ఎరుకల లేదు. మైదాన ప్రాంత గిరిజనులం, ఏజెన్సీ లేదు, అందరికీ తెలుగు వచ్చు కదా అంటారు. నిజమే, వచ్చు. యానాదులది తెలుగే, వాళ్ళ చేపల పేర్లు, ఎలుకల బొరియల పేర్లు, మందు చెట్ల పేర్లు ఏ తెలుగు వాచకంలోనూ లేకపోయినా. ఎరుకల భాష తమిళానికి దగ్గరి భాష. చీరాల చుట్టుపక్కల ఊళ్ళలో అవ్వలు మాట్లాడతారు, అమ్మలకు అర్థమవుతుంది, పిల్లలు నవ్వుతారు. మూడు తరాల్లో ఒక భాష ఎలా జారిపోతుందో ఇంటి అరుగు మీదే కనబడుతోంది.

మా హాస్టల్లో సంక్రాంతి సెలవుల తర్వాత మిరప కోతలకు అమ్మానాన్నలతో వెళ్ళిన పిల్లలు ఆలస్యంగా తిరిగొస్తారు. చేలల్లో గుడిసెల దగ్గర అవ్వలతో గడిపి వస్తారు కాబట్టి ఆ రోజుల్లో వాళ్ళ నోట ఇంటి మాటలు ఎక్కువ ఉంటాయి. రెండేళ్ళుగా ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాం. తెచ్చిన మాటను తెచ్చిన పిల్ల తన చేత్తో రాయాలి, ఎవరి దగ్గర విన్నదో పక్కన రాయాలి. అవ్వ పేరు, ఊరు పేరు తప్పకుండా ఉండాలి. మొదటి పేజీలన్నీ తిండి, తిట్లు. ఆ తర్వాత చుట్టరికాలు, పందుల పెంపకం మాటలు, బుట్ట అల్లికలో ఈనెల పేర్లు, సోది చెప్పేటప్పుడు వాడే మాటలు వచ్చాయి. ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చిన కథలు నాలుగు ఉన్నాయి. వాటిలో నక్క కథ ఒకటి ఏడో తరగతి పిల్ల తెలుగు అక్షరాల్లో పూర్తిగా ఎక్కించింది. పైన ఎరుకల, కింద తెలుగు. బొమ్మలు ఇంకా వేయాలి. మధ్యలో ఒక మాట దగ్గర వేటపాలెం వైపు పిల్లకూ బాపట్ల వైపు పిల్లకూ గొడవ వచ్చింది. మా అవ్వ ఇలా అంటుంది, కాదు మా అవ్వ ఇలా అంటుంది అని. రెండూ రాశారు, ఒకదాని కింద ఒకటి, ఇద్దరు అవ్వల పేర్లతో.